రాజమహలు, చర్మకారుని ఇల్లు



తిరుపతికి దగ్గరలోనున్న చంద్రగిరి కోటను మన ప్రాంతపు వారు చాలామంది చూచియుంటారు. విజయనగర రాజుల చివరి రాజధానులలో ఇది ఒకటి. రాయి, ఇటుక, సున్నముతో కట్టిన మూడంతస్తుల రాజమహలులో కర్ర వాడలేదు. 1639లో ఈ రాజుల ఏలుబడిలోని సముద్రతీరాన ఇంగ్లీషు కంపెనీకి కోట కట్టుకొనుటకు స్థలం దొరికింది. అక్కడే మద్రాసు పట్టణం పెరిగింది. ఏడేండ్లకే, 1646లో, చంద్రగిరి గోల్కొండ సైన్యాల వశమైంది. నేడు రాజమహలు పురావస్తు శాఖవారి మ్యూజియం. రాజులు నివసించిన గదులలో టిక్కెట్టు కొన్న ప్రతివారూ తిరుగుతున్నారు.

పరిశుద్ధ గ్రంథములోని యొప్పే కూడ ఇటువంటి పురాతన పట్టణమే. మధ్యధరా సముద్రపు ఒడ్డున గుట్టమీద వెలసిన రేవు అది. నేడు జాఫా అనే పేరుతో ఇశ్రాయేలు దేశములో టెల్ అవీవ్ నగరంలో కలిసియున్నది. ఇరుకైన రాతి సందులు, సముద్రంవైపు దిగే మెట్లు చూడటానికి దూరదేశాల వారు వస్తారు. జాఫా నారింజపండ్లు లోకమంతా పేరుపొందినవి. సొలొమోను కట్టించిన మందిరానికి లెబానోను మ్రానులు తెప్పలుగా చేరినది ఈ రేవుకే. యోనా తర్షీషు ఓడ ఎక్కినదీ, తబితా విధవరాండ్రకు బట్టలు కుట్టి యిచ్చినదీ ఇక్కడే.

అయితే ఆ ఊరిలో మనకు ముఖ్యమైనది సముద్రపు దరినున్న ఒక చిన్న యిల్లు. అది చర్మకారుడైన సీమోను ఇల్లు. చచ్చిన జంతువుల తోళ్లతో పని గనుక ఆ వృత్తిని యూదులు హీనంగా చూచేవారు. పేతురు ఆ యింటనే అనేక దినములు బసచేశాడు. ఆ మిద్దెమీద ప్రార్థించుచుండగా దర్శనం చూచాడు. అక్కడినుండి కైసరయకు వెళ్లి, అన్యుడైన కొర్నేలీ ఇంటి గడప దాటాడు. అన్యజనులమైన మన యిండ్లకు సువార్త వచ్చిన దారి అదే (అపొ. కార్య. 9, 10 అధ్యాయములు).

చర్మకారుడు అనే మాట మన పల్లెలలో ఎవరిని గుర్తుకు తెస్తుందో చెప్పనక్కరలేదు. ఆదివారం అందరం ఒకే బల్లలో పాలు పొందుతున్నాము. సోమవారం సంగతేమిటి? ఆ సహోదరుని ఇంట మంచినీళ్లు తాగుతున్నామా? మన యింటి పెండ్లిలో వారిని మనతోపాటు పంక్తిలో కూర్చోబెడుతున్నామా? సంబంధం మాట రాగానే విశ్వాసంకంటె ముందు కులం అడుగుతున్నామా? రాజుగారి మహలులో స్వేచ్ఛగా తిరిగే మన కాళ్లు, పక్క వీధిలోని విశ్వాసి గడప దగ్గర ఎందుకు ఆగిపోతున్నవి?

మేము మనవి చేయునది ఒక్కటే. సెలవులలో పిల్లలను చంద్రగిరికి తీసుకువెళ్లండి, మన దేశపు చరిత్ర నేర్పండి. అదే వారంలో, మీ సంఘములో ఇంతవరకు మీరు అడుగుపెట్టని ఒక యింటికి వారిని వెంటబెట్టుకొని వెళ్లండి. పెట్టినది కలిసి భుజించి, కలిసి ప్రార్థించండి. మన పిల్లలకు మనమివ్వగల స్వాస్థ్యము అదే.

ప్రభువు మన గడపలను దీవించును గాక!