గింజా, మందూ ఒకేసారి వద్దు

ఏప్రిల్ వచ్చిందంటే మా న్యూజెర్సీలో తెలుగువాళ్ల ఫోన్లన్నీ లాన్ గురించే. "అన్నయ్యా, ఎరువు, గింజలు ఈ వీకెండే వేసేయమంటావా?" అని అడుగుతారు. ముందు ఎరువు సంచి మీద ఏం రాసుందో చదవమంటాను.

"క్రాబ్‌గ్రాస్ ప్రివెంటర్" అని ఉంటే అందులో కలుపు మొలవకుండా ఆపే మందు ఉన్నట్టే. దానికి కలుపు గింజా, మనం డబ్బు పోసి కొన్న గడ్డి గింజా ఒకటే. రెండింటినీ మొలవనివ్వదు. కొత్త గింజలతో వాడొచ్చని సంచి మీదే రాసుంటే తప్ప రెండూ కలపకండి.

లాన్ ఒత్తుగా ఉందా? ఫోర్సితియా పసుపు పూలు రాలేలోపు మందు వేయండి. అక్కడక్కడా బోసిగా ఉందా? అక్కడ మందు మానేసి, మట్టి గీరి, గింజలు చల్లి, మొలిచేదాకా పైతడి ఆరనివ్వకండి. ఫాస్ఫరస్ ఉన్న స్టార్టర్ ఎరువు వేయొచ్చు. ఇక్కడి 2011 చట్టం కొత్త గడ్డికి దాన్ని ఒప్పుకుంటుంది. పాత లాన్‌కైతే మట్టి పరీక్షలో అవసరమని తేలాలి.

లాన్ మొత్తం కొత్తగా వేయాలంటే మాత్రం సెప్టెంబర్ దాకా ఆగండి. ఏప్రిల్లో మొలిచిన లేతగడ్డికి జులై ఎండను తట్టుకునేంత లోతు వేళ్లుండవు.