కాపరి కబురు: ఒక ఫారం, రెండు పేర్లు



మిరపకాయలు కళ్లంలో ఎండుతున్న రోజులవి. ఒక సోమవారం పొద్దున్నే మా సంఘములోని సహోదరుడొకరు కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. చేతిలో సంచి నిండా కాగితాలు. ఆ అమ్మాయి వివాహము ఏడాది క్రితం నేనే జరిగించాను. అల్లుడు అమెరికా పౌరుడు. భార్య కోసం అతను అక్కడ పెట్టిన ఐ-130 అర్జీ మంజూరైంది. 325 డాలర్లు ఒకటి, 120 డాలర్లు ఒకటి, రెండు ఫీజులూ అతనే కట్టాడు. ఇక అమ్మాయి నింపవలసినది డీఎస్-260 అనే ఫారం. కంప్యూటర్లోనే నింపాలి.

“అయ్యగారూ, పట్నంలో ఒకాయన డబ్బులిస్తే తనే నింపేస్తానన్నాడు. ఎందుకైనా మంచిది, మీరొకసారి చూడండి” అన్నారు తండ్రి.

వేదాంత డిప్లొమాలో వీసాల పాఠం లేదు గాని, కూర్చున్నాం.

పేరూ ఊరూ రాసి సంతకం పెట్టే కాగితం కాదిది. పదహారేళ్ల వయసు నుంచి ఎక్కడెక్కడ నివసించారో అన్నీ అడుగుతుంది. పదేళ్లలో చేసిన ఉద్యోగాలు, ఐదేళ్లలో వాడిన ఫేస్‌బుక్ వంటి ఖాతాలు, తల్లిదండ్రులు పుట్టిన వివరాలు చెప్పాలి. గుంటూరులో ఇంటర్ చదివిన హాస్టలు చిరునామా వెతకడానికే ఒక పూట పట్టింది. తల్లిని పుట్టిన సంవత్సరం అడిగితే “ఉప్పెన వచ్చిన ఏడు” అంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో. ఆధార్ తీసి చూస్తే సంవత్సరం సరిపోయింది! ఈలోగా కాసేపు ఏమీ కొట్టకుండా ఉంటే ఆ పేజీ దానంతటదే మూసుకుపోయింది. అందుకని ప్రతి పేజీ కాగానే సేవ్ చేసుకోండి.

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. బడిలో ఒక పేరు, మందిరంలో ఒక పేరు. మన పల్లెల్లో ఇలా ఎందుకుంటుందో మీకు తెలుసు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు సంగతి ఇక్కడ విప్పబోను. పాస్‌పోర్టు బడి పేరుతో ఉంది. నా వివాహ రిజిస్టరులో మాత్రం బాప్తిస్మపు పేరు ఉంది. పాస్‌పోర్టు అడగకుండా, సంఘమంతా పిలిచే పేరే రాసేశాను. తప్పు నాదే. అబ్రాము అబ్రాహాము అయ్యాడు, సీమోను పేతురయ్యాడు గాని వాళ్లకు పాస్‌పోర్టులు లేవు కదా.

“రెండో పేరు చెబితే అనుమానపడతారేమో, వదిలేద్దాం” అన్నారు తండ్రి. కాని ఇంతకుముందు వాడిన ఇతర పేర్ల కోసం ఆ ఫారంలోనే ఒక గడి ఉంది. మతపరమైన పేరు కూడా అందులో రాయవచ్చు. మొదటి గడిలో పాస్‌పోర్టు పేరు, ఆ గడిలో బాప్తిస్మపు పేరు వేశాం.

రిజిస్టరుకు కొట్టివేతలు, తెల్ల ఇంకు పనికిరావు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం 78వ సెక్షను దారి చూపింది. తప్పు కనుగొన్న నెలలోగా, దంపతుల ఎదుట, వారు లేకపోతే నమ్మదగిన ఇద్దరు సాక్షుల ఎదుట, పాత రాతను ముట్టకుండా పక్క మార్జిన్లో సవరణ రాసి, సంతకమూ తేదీ వేయాలి. సర్టిఫికెట్టులోనూ అలాగే చేయాలి. అల్లుడు ఇక్కడ లేడు గనుక ఇద్దరు సంఘపెద్దలను పిలిపించాను. వాళ్ల ఎదుట పెన్ను పట్టినప్పుడు నా చెయ్యి కొంచెం వణికింది. తోటి సేవకులారా, పెళ్లిరోజున కేకు కంటే ముందు పాస్‌పోర్టు చూడండి.

ఇంకొక ప్రశ్న: ఎప్పుడైనా అమెరికా వీసా నిరాకరించారా? అమ్మాయి తల వంచుకుంది. 2022లో చదువు వీసా కోసం హైదరాబాదు వెళితే ఇవ్వలేదట. అత్తగారింట్లో ఆ సంగతి తెలియదు. పట్నంలో ఆయన “లేదు అని కొట్టెయ్, ఎవరు చూస్తారు” అన్నాడట.

ఎవరు చూస్తారా? ఆ వివరం వాళ్ల దగ్గరే ఉంటుంది. చదువు వీసా ఇవ్వనిది, తిరిగి వస్తుందన్న నమ్మకం కుదరక. ఇది భర్త దగ్గర స్థిరపడే వీసా, ఇక్కడ ఆ సందేహానికే చోటు లేదు. పాత నిరాకరణ దీనికి అడ్డు కాదు. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధమాడితే మాత్రం ఆ దేశపు వలస చట్టం శాశ్వతంగా అనర్హులను చేయగలదు. మినహాయింపు అడగవచ్చు గాని దొరుకుతుందన్న భరోసా లేదు.

“అవును అని పెట్టు తల్లీ” అన్నాను. “ఆయనకి తెలిస్తే?” అంది. “ముందు ఆయనకి చెప్పు, తర్వాత పెట్టు.”

ఆ రాత్రి ఫోనులో చెప్పింది. అవతల నుంచి వచ్చిన మాట “ఇంతేనా?”. మర్నాడు ఫారం పంపించాం. ఒకసారి పంపాక మనంతట మనం దిద్దలేము, అందుకని ముందే మూడుసార్లు చదివించాను. ఒప్పుకోలు పేజీ అచ్చు తీసి సంచిలో పెట్టింది. ఇంటర్వ్యూ ముంబయిలో. తేదీ ఇంకా రాలేదు. ప్రయాణం ఖర్చులకని తండ్రి నాలుగు టిక్కీలు యార్డుకు వేయకుండా కోల్డ్ స్టోరేజీలో ఉంచారు.