‘అని’ కోసేశాక

‘పట్టా నా పేర్తోనే ఉండాది.’

చంద్రగిరి దగ్గరి పల్లెలో చెనిక్కాయలు ఒలుస్తూ ఒక అవ్వ అన్న మాట ఇది. స్త్రీల భూమి హక్కుల మీద ఒక సంస్థ తీసిన వీడియోలో ఈ మాట పూర్తికాగానే వీణ మోగుతుంది. తిరుపతిలో ఆ వీడియో చూసి అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. అవ్వ చెప్పింది అది కాదు.

ఆమె ‘పట్టా నా పేర్తోనే ఉండాది’ అని ఆగి, నిట్టూర్చి, ‘అని మా పెద్దోడు సెప్తా ఉండాడు’ అంది. ‘నువ్వు చూసినావా అవ్వా?’ అని అడిగాను. తొమ్మిది సెకన్లు కాయలు చిట్లే చప్పుడే. తర్వాత ‘నాకేం సదువొచ్చా పాపా, సూసి తెలుసుకునేదానికి?’ అంది.

వీడియోలో నిట్టూర్పు దగ్గరే కోత పడింది. భూమి ఉందో లేదో తెలియని మనిషి భూమి గల మనిషైపోయింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో, పార్లమెంటు 2005లో చట్టాలు చేశాయి. హక్కు కాగితం మీదికి వచ్చింది. ఆ కాగితం ఎవరి పెట్టెలో ఉందో చెప్పేది మాత్రం ఆ తొమ్మిది సెకన్లే.

తెలుగు వాక్యానికి ప్రాణం చివర్లో ఉంటుంది. అంట, అన్నారు, అనుకున్నా, కాదు, లేదు – అన్నీ అక్కడే. అది కోస్తే విన్నమాట కన్నమాట అయిపోతుంది.

అచ్చులో ఏదైనా వదిలేస్తే మూడు చుక్కలు పెడతాం. శబ్దంలో ఆ మర్యాద లేదు. కోసిన కొసలు రెండూ ఒకదానిమీదికి ఒకటి జరిపి, ఒకటి తగ్గుతుంటే రెండోది పెరిగేలా కలిపి, ఎవరూ మాట్లాడనప్పుడు రికార్డు చేసిన ఆ చోటి చప్పుడు కింద పరిస్తే అతుకు చెవికి దొరకదు. ఆ క్షణాన ముఖం బదులు చేతులు చూపిస్తే కంటికీ దొరకదు. దీన్నే పనితనమంటున్నారు! దగ్గులూ కుక్క అరుపులూ తీసెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. మౌనం దగ్గు కాదు.

స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివి పరిశోధనకి వచ్చినదాన్ని నేను. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటే చరిత్ర అని ఆ పుస్తకం నేర్పింది. ఇప్పుడు గొంతు వినిపిస్తోంది గానీ మాట మారిపోతోంది.

సంస్థని తిట్టి ఊరుకుంటే నాకు సుఖంగానే ఉండేది. కానీ ఆ ఎడిటర్‌కి మన చిత్తూరు యాస అందదు. నేను టైపు చేసిచ్చిన ప్రతి చూసి కోశాడు. అందులో ఉన్నది: ‘పట్టా తన పేరు మీదే ఉందని చెప్పింది.’ అవ్వ మాటని శిష్టంగా సర్దుతూ పెద్దకొడుకుని తీసేసింది నేనే. మొదటి కత్తెర నాది.

అంచేత ఇంటర్వ్యూలు చేసే మనం పట్టుబట్టాలి. కోయని రికార్డు భద్రంగా ఉండాలి. వాక్యం చివర కోయకూడదు. మన ప్రశ్న వినబడాలి. కోసిన చోట తెర ఒక్క క్షణం నల్లబడాలి. బయటికి వెళ్లకముందే ఆ మనిషికి వినిపించాలి, వద్దంటే తీసెయ్యాలి.

నేను ఆలస్యంగా వినిపించాను. అవ్వ సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు వింది.

‘గొంతు నాదే పాపా,’ అంది. ‘మాట మావోడిది.’