ఎవరి చేతి నుంచి వచ్చిన తుపాకీ?

తిరుమలగిరి దగ్గరి ఒక ఊరి నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. దసరాకి ఇంకా పది రోజులుంది. ఆమె పిల్లలకు పాఠాలు చెప్పుకుని ఒక్కతే బతుకుతోంది. విడిపోయిన భర్త ఏడాదిగా వెంటపడుతున్నాడు. బడి గేటు దగ్గర నిలబడతాడు. రాత్రి పదకొండింటికి వచ్చి తలుపు బాదుతాడు. ఫిర్యాదు తీసుకోవలసిన వాళ్ళు రెండుసార్లు ‘మొగుడే గదమ్మా, కూసోని మాట్లాడుకోండ్రి’ అని పంపించారు. మూడోసారి ఆమె వెళ్ళలేదు.

“ఇక్కడ ఒక దొర వాళ్ళింట్ల పాత రివాల్వర్ ఉన్నదట, అమ్ముతరట. నాకు కొనాలనుంది. దరఖాస్తు నువ్వు నింపి పెట్టాలె. సాయుధ పోరాటంల ఆడోళ్ళ మీదనే గద నీ పీహెచ్‌డీ!” అంది.

ఆ చివరి మాట వల్లనే ఈ వ్యాసం. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తలుపు ఆమెది, దాన్ని బాదుతున్నది ఆమె చెవుల్లోనే. నా తగాదా మనతో. సభల్లో, కవి సమ్మేళనాల్లో, మార్చి 8 కరపత్రాల్లో తుపాకీ పట్టుకున్న తెలంగాణ ఆడమనిషి బొమ్మను మనం ఎన్నిసార్లు వాడుకున్నాం? ఏదైనా ఘోరం జరగగానే ‘ఆడపిల్లల చేతికి తుపాకులివ్వండి’ అని వేదిక మీద ఎవరో ఒకరు అనడం, మనం చప్పట్లు కొట్టడం ఎన్నిసార్లు చూశాం? ఎంఏ చదివే రోజుల్లో నేనూ అలాంటి కవిత ఒకటి రాశాను. అచ్చయింది కూడా. ఇప్పుడు దాని కాగితం దొరికితే చించేస్తాను. ఆ బొమ్మనే నా స్నేహితురాలు నిజమని నమ్మి, ధర అడగడానికి బయలుదేరింది.

నేనూ వెంట వెళ్ళాను. పెద్దాయనకు డెబ్బై దాటాయి. పిల్లలు అమెరికాలో ఉన్నారు, వాళ్ళెవరికీ అది అక్కర్లేదు. పాత పంచె ముక్కలో చుట్టిన రివాల్వర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇంగ్లండు తయారీ, పాయింట్ త్రీ టూ. పిడి దగ్గర ఎండిపోయిన కుంకుమ. “ఎన్నడు కాల్చింది లేదమ్మా, దసరాకు పూజ జేసుడే” అన్నాడు. ఆమె ముందే ఎక్కడో చదువుకుని వచ్చింది. ఖాళీగా ఉందో లేదో చూడమంది. గుళ్ళ చక్రం తిప్పి చూసింది. అది తన చోట గట్టిగా నిలబడడం లేదు, వేలితో కదిపితే అటూ ఇటూ ఊగుతోంది. గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే లోపల తుప్పు గుంటలు. లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరూ దీని మీదున్న నంబరూ ఒకటేనా అని అడిగింది. చీర కొన్నా ఇంత పరీక్షగా చూడదు ఆమె. నేను అడిగింది ఒక్కటే, ఇది ఎప్పుడు కొన్నారని. “మా నాయన కొన్నడు. ఆ గడబిడల ఊరిడిసి పట్నం పోయిన్రు గద. మిలిట్రీ వచ్చినంక మల్ల ఊర్లెకు వచ్చి కొన్నడు” అన్నాడు.

ఆయన గడబిడ అన్నదాని మీదే నా సిద్ధాంత వ్యాసం. 1948 సెప్టెంబరు తర్వాత సైన్యం వెనకాల దొరలు ఊళ్ళకు తిరిగి వచ్చారని అందులో ఒక అధ్యాయమంతా రాశాను. వాళ్ళు తిరిగొచ్చి కొన్న తుపాకీ ఎలా ఉంటుందో అప్పుడే చూడటం.

పాత కారులాగా బేరమాడి ఇంటికి తెచ్చుకునేది కాదు ఇది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు చేతికొచ్చాకే తుపాకీ. 2016 నిబంధనలు వచ్చాక ఆయుధం ఎలా వాడాలో, ఎలా భద్రపరచాలో నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ చూపాలి. అమ్మేవాడు తన ఉద్దేశాన్ని జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాక మాత్రమే అమ్మాలి. నాకు ఈ 45 రోజుల మీద గౌరవమే ఉంది. కానీ దరఖాస్తు మీద విచారణ చేసేది ఎవరు? పోలీసులే. ఆమెకు ప్రాణభయం ఉందా లేదా అని తేల్చవలసింది, మాట్లాడుకోండ్రి అని పంపించిన వాళ్ళే. లైసెన్సు ఇవ్వడానికి చాలినంత భయం, కేసు పెట్టడానికి ఎందుకు చాలలేదు? ఇంకో సంగతి: ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకుల్ని స్టేషన్లో అప్పగించమంటారు. తుపాకీ అక్కడుంటుంది, ఆమె ఇక్కడుంటుంది, ఆయన తలుపు దగ్గరుంటాడు.

అదే నిబంధనల్లో వారసుల సంగతి చూడండి. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండినా, పాతికేళ్ళు తుపాకీ తన దగ్గరున్నా, తను ఎంచుకున్న వారసుడికి దాన్ని బదిలీ చేయమని కోరవచ్చు. పొలంలాగా, ఇంటిపేరులాగా తుపాకీ కూడా ఆ ఇళ్ళలో తరం నుంచి తరానికి నడుస్తుంది. మనబోటివాళ్ళకు వచ్చేది, ఆ ఇంటి పిల్లలు వద్దనుకున్నది.

మార్కెటు వేరే దారి చూపించింది. ఢిల్లీ సంఘటన జరిగిన పదమూడు నెలలకు, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అని ఒక రివాల్వర్ విడుదల చేసింది. స్త్రీల కోసమట. బరువు 500 గ్రాములు. ధర రూ.1,22,360. నగల పెట్టెలాంటి మెరూన్ రంగు పెట్టెలో పెట్టి అమ్మారు. ఆ అమ్మాయికి పత్రికలు పెట్టిన మారుపేరునే కొంచెం మార్చి సరుకు పేరు చేసుకున్నారు. అన్యాయానికి గురైన ఆడపిల్ల పేరు మీద వ్యాపారం చేయడానికి సిగ్గుపడని ప్రభుత్వం, ఆ ధర పెట్టగలిగేది ఎవరో ఆలోచిస్తుందనుకోవడం అత్యాశ. దినకూలీకి పోయే ఆడమనిషి హ్యాండ్‌బ్యాగులో పట్టేలా ఎవరూ ఏదీ తయారు చేయలేదు. దాన్ని మొదట గట్టిగా విమర్శించిన వాళ్ళలో మణిపూర్‌కు చెందిన బీనాలక్ష్మీ నెప్రం ఉన్నారు. తుపాకుల వల్ల భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న స్త్రీలతో పనిచేసిన మనిషి ఆమె. ఇంట్లో తుపాకీ ఉంటే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన దేశంలో స్త్రీలపై నేరాల లెక్కల్లో ఏటా పెద్ద పద్దు భర్త, అతని బంధువుల క్రూరత్వానిదే. అంటే ప్రమాదం చీకటి సందులో మాటు వేసిన ఎవరో అపరిచితుడి నుంచి కాదు, బీరువా తాళం ఎక్కడ పెడతామో తెలిసినవాడి నుంచి. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 2003లో పదకొండు నగరాల కేసులు చూసి చెప్పింది: హింసించే మగవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరుగుతుందని. నా స్నేహితురాలి భర్త ఆ ఇంట్లో ఆరేళ్ళు ఉన్నాడు. కిటికీకి ఏ గొళ్ళెం సరిగా పడదో అతనికి తెలుసు. ఆ ఇంట్లోకి ఇప్పుడు తుపాకీ తెచ్చి పెట్టడమంటే అతనికీ తెచ్చి పెట్టడమే.

‘మరి మల్లు స్వరాజ్యం?’ అని అడుగుతారు. అడగండి. తుంగతుర్తి ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట్లో పుట్టి, దళంలో తుపాకీ పట్టి, తలకు పదివేల రూపాయల వెల కట్టించుకున్న మనిషి. 2022 మార్చిలో చనిపోయేదాకా ఆమెను మనం ఆ తుపాకీతోనే గుర్తుపెట్టుకున్నాం. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరు ‘నా మాటే తుపాకీ తూటా’. తూటా అయినది మాట. ఆ పేరును కూడా మనం తుపాకీ దాకా చదివి ఆగిపోయాం. తుపాకీ కంటే ముందు పాటలున్నాయి, ఇంటింటికీ తిరగడం ఉంది, సంఘం ఉంది. పాలకుర్తిలో అయిలమ్మ పంట దొర ఇంటికి పోకుండా ఆగింది సంఘం వాళ్ళు గుత్పలు పట్టుకుని పొలంలో నిలబడడం వల్ల. ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నవి రోకలిబండలు, కారం పొడి, వడిసెలలు. ఆ తర్వాత వచ్చిన తుపాకులు కూడా చాలావరకు వాడినవే. దొరల ఇళ్ళ నుంచి, పోలీసుల దగ్గర నుంచి గుంజుకున్నవి. ఊరు ఊరంతా కలిసి దొర చేతిలోంచి గుంజుకున్న తుపాకీకీ, అదే దొర కొడుకు దగ్గర ఒంటరి ఆడమనిషి డబ్బిచ్చి కొనుక్కునే తుపాకీకీ పోలిక ఇనుములో మాత్రమే ఉంది.

తుపాకీ ఆడమనిషి చేతికి రాగానే స్త్రీవాదమైపోదని తెలుసుకోవాలంటే తిరుమలగిరి నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద కాల్పులు జరిగిన గడీలో ఉండేది ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ తల్లి. దొరసాని. ఈ మాట మన సభల్లో నేను ఎక్కువ వినలేదు.

మనకు నచ్చని ఇంకో మాట కూడా ఉంది. దళాల్లో తుపాకీ పట్టిన స్త్రీలకు కూడా అది అంతదాకానే పనికొచ్చింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ స్త్రీలు ఎంత దాపరికం లేకుండా మాట్లాడారు! అడవిలో పిల్లల్ని వదులుకోవలసి రావడం, శీలం మీద అనుమానాలు, పెళ్ళి ఎవరితో అన్నది వేరేవాళ్ళు తేల్చడం. శత్రువు వైపు గురిపెట్టిన తుపాకీ పక్కనున్న కామ్రేడ్ చూపును మార్చలేకపోయింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక, ఇక ఇళ్ళకు వెళ్ళి సంసారాలు చేసుకోండి అన్నారు. తుపాకీ పోయింది, వంటిల్లు మిగిలింది. ఆ పుస్తకాన్ని పాఠంగా చెప్పే మనమే దాని అట్టనే చూసి లోపలి పేజీలు మర్చిపోతే ఎలా?

ఇక రాజ్యం మన పేరు మీద పేల్చే తుపాకీ. శంషాబాద్ దగ్గర ఆ యువ డాక్టరు హత్య జరిగిన తర్వాత, 2019 డిసెంబరు 6న, పాత మహబూబ్‌నగర్ జిల్లా చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు, ఆడవాళ్ళు రాఖీలు కట్టారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లనీ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో చెప్పింది. అంతకు పదకొండేళ్ళ ముందు, 2008లో, వరంగల్ యాసిడ్ దాడి తర్వాత కూడా ఇంతే. రెండుసార్లూ వద్దన్న కొద్దిమందినీ ‘మీ ఇంట్లో జరిగితే తెలిసేది’ అని తిట్టారు. ఆ పూలు చల్లిన చేతులకూ, మెరూన్ పెట్టె అమ్మిన చేతులకూ మధ్య నాకు పెద్ద తేడా కనపడదు. ఫిర్యాదు రాసుకోవడం, గస్తీ తిరగడం, 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు ఇప్పించి దాన్ని అమలు చేయడం – ఇవి శ్రమతో కూడిన పనులు. తూటా సులువు.

‘అయితే చావమంటావా?’ అని నా స్నేహితురాలే అడిగింది, తిరుగు దారిలో, బస్సులో. నా దగ్గర జవాబు లేదు. నేను హైదరాబాదులో రెండు గేట్లు దాటితే గానీ ఎవరూ రాలేని ఫ్లాట్‌లో ఉంటాను. అక్కడి నుంచి ఆమెకు అహింస బోధించే హక్కు నాకు ఎవరిచ్చారు? ఆత్మరక్షణ వద్దని నేనెప్పుడూ అనను. ఒక వకీలు స్నేహితురాలితో మాట్లాడి గృహహింస చట్టం కింద పిటిషన్ వేయించాం. చేయగలిగింది అదొక్కటే అయింది.

దసరా అయిపోయాక పొదుపు సంఘం ఆడవాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున ఆమె ఇంట్లో పడుకోవడానికి వచ్చారు. పదకొండు రాత్రులు. వాళ్ళున్నప్పుడు ఒకసారి అతను వచ్చాడు. ఎనిమిది మంది లేచి లైట్లు వేసి వాకిట్లో నిలబడితే, ఏమీ అనకుండా బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. తర్వాత పత్తి తీతలు మొదలయ్యాయి. తెల్లవారుజామునే చేన్లకు పోవాలి కనుక వాళ్ళు రావడం తగ్గింది, మానేశారు. వాళ్ళను తప్పు పట్టలేను, వాళ్ళది ఆ రోజు కూలి ఆ రోజే. పిటిషన్ ఇంకా వాయిదాల మీద ఉంది.

దరఖాస్తు నా దగ్గరే ఉంది. పేరు, వయసు, చిరునామా నింపాను. ఆయుధం ఏ అవసరానికి కావాలి అన్నచోట ఏమీ రాయలేదు. నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. పెద్దాయన ధర తగ్గించాడట.