తాళం తీశారు, పిల్లాడు పలకలేదు

2023 డిసెంబరు 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకి దిగారు. మా గూడూరులో మా వీధి చివర ఉన్న కేంద్రానికీ తాళం పడింది. ప్రభుత్వం ఊరుకుంటుందా? చాలాచోట్ల తాళాలు పగలగొట్టించి సచివాలయాల సిబ్బందిని కూర్చోబెట్టింది. మా వీధికీ ఒక అమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, మంచిది. గుడ్డు ఉంది, పాలున్నాయి, గోడమీద బొమ్మలూ ఉన్నాయి. అయినా పిలకాయలు లోపలికి పోరే!

నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పనికి పోయే ఒకామె నాలుగేళ్ల కొడుకు అమ్మ కొంగు వదల్లేదు. ‘‘టీచరమ్మ యాడ?’’ అన్నది ఒకటే మాట. పనికి పోకపోతే ఆమెకి ఆ రోజు కూలి లేదు. ‘‘అక్కా, మధ్యాన్నం దాకా చూసుకుంటావా?’’ అంటే సరేనన్నాను.

కథలు రాస్తాను కదా, పాత్రల చేత మాట్లాడించడం నాకు లెక్కా అనుకున్నాను. ‘‘నీ పేరేంటి? ఏ ఫర్ ఏంటి? ఇదేం రంగు?’’ అని అడుగుతూ పోయాను. రెండు రోజులు వాడు నోరు విప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. అవి మాటలా, పరీక్ష పేపరా? జవాబు తెలిసి కూడా అడిగే ప్రశ్న పిల్లలకి భలే తెలిసిపోతుంది.

మూడోరోజు ఊరగాయకని నిమ్మకాయలు ముందేసుకుని కూర్చున్నాను. వాడి సంగతే మర్చిపోయాను. మెల్లగా పక్కన చేరి, ఒక కాయ తీసి, ‘‘ఇది మెత్తబడింది. మాయమ్మ పక్కన పెడతది’’ అన్నాడు. ఇంక చూడండి, పచ్చివి ఒకవైపు, పండినవి ఒకవైపు, మచ్చలున్నవి ఇంకోవైపు! అరగంటలో బుట్టంతా ఏరి పెట్టాడు. రంగులూ చెప్పాడు, లెక్కా చెప్పాడు, వాళ్ల నాయన రాత్రి అరిచిన సంగతీ చెప్పాడు. నేను చేసిందల్లా ‘‘ఊఁ, ఆ తర్వాత?’’ అనడమే.

ఐ.సి.డి.ఎస్. పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. అందులో పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షల వంటి ఆరు సేవలున్నాయి. పూర్వ ప్రాథమిక విద్య వాటిలో ఒకటి. మిగతావాటిని తూకం వేయొచ్చు, లెక్కరాసుకోవచ్చు. పలకరింపుకి మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి లేదు. గడి లేని పని ఎవరి కంట పడుతుంది? సమ్మె నాటికి టీచరు గౌరవ వేతనం 11,500 రూపాయలు. పేరు చూడండి, జీతం కాదట, ‘గౌరవం’! ఆ గ్రాట్యుటీకి వీళ్లు అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. అయినా 2024 జనవరిలో ఎస్మా దాకా వెళ్లింది వ్యవహారం. ఒక మనిషి పోతే ఇంకో మనిషిని కూర్చోబెడితే సరిపోతుందన్న లెక్క తప్పని పెద్దలకి చెప్పింది ఎవరో కాదు, గేటు దగ్గర నిలబడిపోయిన ఈ పిలకాయలే.

ఫీజులు కట్టే నర్సరీలు మేలా అంటే, అదీ చూశాను. మా చిన్నదాన్ని ఒక కాన్వెంటులో వేశాం. ‘నీళ్లు’ అంటే కుదరదు, ‘వాటర్’ అనాలి. ఆ మాట రాక అది నెలరోజులు నిండు సీసా నిండుగానే ఇంటికి తెచ్చింది. టీచరుకి కోపమని అడగలేదట. ఈ వయసులో ఇంటి భాషే బోధనా భాషగా ఉండాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. దాన్ని ఎంతమంది తల్లిదండ్రులం అడిగాం? ఇంగ్లీషు రైమ్ అప్పజెబితే మురిసిపోయి చప్పట్లు కొట్టింది మనమే కదా!

42 రోజుల తర్వాత, జనవరి 22న సమ్మె ముగిసింది. మర్నాడు వాడిని నేనే తీసుకుపోయాను. టీచరు కుర్చీలో కూర్చోలేదు. గడప దగ్గరే గొంతుక్కూర్చుని, వాడి ముఖానికి ముఖం పెట్టి, ‘‘ఏందబ్బయా, రాత్రి ఏం కూర తిన్నావు?’’ అంది. అడిగి ఊరుకుంది. వాడు చొక్కా బొత్తాం తిప్పుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. ఆమె తొందరపెట్టలేదు, మాట అందించలేదు. మనమైతే ఈలోగా ‘పప్పా? చేపలా?’ అని నాలుగు ప్రశ్నలు గుప్పించేవాళ్లం. చివరికి ‘‘చారు’’ అన్నాడు. ‘‘మా ఇంట్లోనూ చారే!’’ అందామె. అంతే, చెయ్యి పట్టుకుని లోపలికి పోయాడు.

ఆటపాటల చదువుకి 2024లో కేంద్రం ‘ఆధార్‌శిల’ అని కొత్త ప్రణాళిక తెచ్చింది. బాగానే ఉంది. కానీ ఆడించాల్సిన ఆ చేతిలోనే ఫోను కూడా పెట్టాం. హాజరు, బరువు, ఎత్తు, ఎవరికేం ఇచ్చారో అన్నీ పోషణ్ ట్రాకర్‌లోకి ఎక్కించాలి. సిగ్నల్ అందకపోతే వాకిట్లోకి పరుగు.

మొన్న వెళ్లినప్పుడు ఒక చిన్నది బొమ్మరిల్లు కట్టి చూపిస్తోంది. టీచరమ్మ ‘‘ఉండమ్మా, ఉండు’’ అంటూ ఫోన్లో ఏదో నింపుతోంది. ఆ పిల్ల రెండుసార్లు పిలిచి చూసింది. తర్వాత లేచొచ్చి, రెండు చేతులతో ఆమె గడ్డం పట్టుకుని, ముఖం తనవైపు తిప్పుకుంది.