గబ్బిలం ఏ జాబితాలోది?

లేవీయకాండము పదకొండవ అధ్యాయం మన సంఘాల్లో ప్రసంగానికి అరుదుగా వస్తుంది. తినదగినవేవో, తినకూడనివేవో చెప్పే ఆ పొడవాటి పట్టికను ఏడాది బైబిలు పఠనంలో గబగబా దాటేస్తాం. బడికి వెళ్లే పిల్లలు మాత్రం అంత తొందరగా దాటరు. గద్ద, కాకి, గుడ్లగూబ, కొంగ అంటూ సాగే పక్షుల వరుసలో చిట్టచివర గబ్బిలం ఉంది (లేవీ. 11:19). ద్వితీయోపదేశకాండములోనూ అంతే (14:18). పాఠ్యపుస్తకమేమో గబ్బిలం క్షీరదం అంటోంది. ఇందులో ఏది నిజం?

ప్రశ్న చిన్నదే. అడిగేదెవరో చూస్తే చిన్నదనిపించదు. కర్నూలు జిల్లా కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో వాన మొహం చాటేస్తే కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతకు సుగ్గి వెళతాయి. అలాంటి ఇంట్లో ఇంటర్ జువాలజీ దాకా వచ్చిన అమ్మాయి ఆ వంశానికే మొదటి చదువరి కావచ్చు. ఆమె ఆదివారం పూట ఈ మాట అడిగితే "వాక్యాన్ని ప్రశ్నించకూడదమ్మా" అని కూర్చోబెడితే ఏమవుతుంది? పాఠ్యపుస్తకాన్నైనా నమ్మడం మానేస్తుంది, బైబిలునైనా మూసేస్తుంది. రెండూ నష్టమే. జవాబు దగ్గరలోనే ఉన్నప్పుడు ఈ నష్టం మరీ అన్యాయం.

ముందు జువాలజీ సంగతి చూద్దాం. గబ్బిలానికి ఈకలు లేవు, ఒంటినిండా బొచ్చు ఉంది. గుడ్లు పెట్టదు, పిల్లను కని పాలిచ్చి పెంచుతుంది. చింతచెట్లకు, మర్రిచెట్లకు తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. దాని రెక్క అని మనం పిలిచేది నిజానికి చెయ్యి. నాలుగు వేళ్లు బాగా పొడవు సాగి, వాటి నడుమ గొడుగు గుడ్డలా పలుచని చర్మం పరుచుకుని ఉంటుంది. బొటనవేలు మాత్రం పొట్టిగా, కొక్కెంలాంటి గోరుతో బయటికి ఉంటుంది. అందుకే జర్మన్ పండితుడు బ్లూమెన్‌బాఖ్ 1779లో ఈ వర్గానికి 'చేతిరెక్కలవి' అనే అర్థంలో కైరాప్టెరా అని పేరు పెట్టాడు. లోకంలో 1400కు పైగా గబ్బిలం జాతులున్నాయి, అంటే క్షీరద జాతుల్లో సుమారు ఐదో వంతు. రెక్కలాడిస్తూ ఎగరగల క్షీరదం మరొకటి లేదు. పరీక్షలో ఆ అమ్మాయి 'క్షీరదం' అనే రాయాలి. ఇందులో తటపటాయింపు అక్కర్లేదు.

మరి మోషే మాట? హెబ్రీ మూలంలో అక్కడున్న పదం 'ఓఫ్'. ఎగరడం అనే ధాతువు నుంచి వచ్చిన పదమిది. మరుసటి వచనంలో రెక్కల పురుగులను గూర్చి చెప్పేటప్పుడూ అదే పదం వాడారు. మిడత కాకిలాంటి పక్షి అని ఇశ్రాయేలీయులు ఎవరూ అనుకొని ఉండరు గదా! అంతదూరం ఎందుకు, మన తెలుగు మాటనే చూడండి. పక్షమంటే రెక్క, పక్షి అంటే రెక్కలు గలది. పదార్థాన్ని బట్టి పోతే గబ్బిలం మన భాషలోనూ పక్షే. ఆ అధ్యాయం జీవులను నేలమీద తిరిగేవి, నీళ్లలో ఉండేవి, గాలిలో ఎగిరేవి అని విడదీసి, వీటిలో ఏది ఇంటికి తెచ్చి వండుకోవచ్చునో చెబుతోంది. పాలిచ్చేదా, గుడ్డు పెట్టేదా అన్న ప్రశ్న అక్కడ లేనే లేదు. టమోటా వృక్షశాస్త్రం ప్రకారం పండు. పత్తికొండ మార్కెట్లో అది కూరగాయ. అందుకని అక్కడి వ్యాపారిని అబద్ధికుడని ఎవరంటారు?

ఈ వచనాన్ని చూపి "బైబిలు తప్పు" అని నవ్వేవారున్నారు. ఆధునిక శాస్త్రమంతా లేవీయకాండములో ముందే దాగి ఉందని, గబ్బిలాన్ని వరుస చివర పెట్టింది అది పక్షి కాదని తెలిసేనని సాధించేవారూ మనలో ఉన్నారు. ఈ రెండో వాదం విశ్వాసుల చెవికి ఇంపుగా ఉంటుంది గాని, వాక్యం చెప్పని మాటను వాక్యం నోట పలికించడం భక్తి అని మేము అనుకోము.

పైగా శాస్త్రం కూడా గబ్బిలాన్ని ఒక్కసారిగా ఒకచోట కూర్చోబెట్టలేదు. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో ప్రచురించిన వర్గీకరణలో గబ్బిలాన్ని మనిషి, కోతులు ఉన్న వర్గంలోనే చేర్చాడు! 1986లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త పెటిగ్రూ, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాల అమరికను బట్టి పెద్ద పండ్ల గబ్బిలాలు కోతులకు దగ్గర చుట్టాలని వాదించాడు. తర్వాతి జన్యు పరిశోధనలు దాన్ని నిలబెట్టలేదు. గబ్బిలాలన్నీ ఒకే వంశమనీ, ఎలుకలకంటే గుర్రాలు, కుక్కలు, పశువులు ఉన్న గుంపుకే అవి దగ్గరనీ తేల్చాయి. ఇన్ని పట్టికలు మారినా, సాయంకాలం కాగానే బయలుదేరే ఆ ప్రాణిలో మాత్రం ఏ మార్పూ లేదు.

ఆ అధ్యాయంలోని 'హేయం' అన్న మాట భోజనానికి సంబంధించినది. ఎగిరే వాటినన్నింటినీ చేసిన దేవుడు అవి మంచివని చూసినట్టు ఆదికాండము మొదటి అధ్యాయమే చెబుతోంది. యొప్పేలో మిద్దెమీద పేతురుకు దర్శనంలో దిగివచ్చిన దుప్పటిలో ఈ పట్టికలోని జీవులన్నీ కలగలిసి ఉన్నాయి (అపొ. కార్య. 10). దాని అర్థం పేతురుకు కొర్నేలీ ఇంట్లో తెలిసింది. ఏ మనిషినీ అపవిత్రుడనకూడదని అక్కడే ఒప్పుకున్నాడు.

మన తెలుగులో ఈ సంగతి గబ్బిలం చేతనే చెప్పించినవాడు గుర్రం జాషువ. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయన 1941లో 'గబ్బిలం' కావ్యం వెలువరించారు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురంపితే, జాషువ కథానాయకుడు తన గోడు కాశీ విశ్వనాథునికి గబ్బిలంతో చెప్పి పంపుతాడు. ఎందుకంటే అంటరానివాడని తనకు గుడి తలుపు మూస్తారు, గబ్బిలం లోపలికి వెళ్లి వేలాడినా ఎవరూ అడ్డురారు. మనుషుల పట్టిక అంత క్రూరమైనది. ఇది విని తల ఊపే మన సంఘాల్లో పెళ్లి సంబంధం అనగానే మొదట అడిగే ప్రశ్న ఏమిటి? ఒకే పల్లెలో ఒకే ప్రభువు పేరిట కులానికొక మందిరం ఉన్న చోట్లు సీమలో లేవనగలమా?

చట్టానికీ ఒక పట్టిక ఉండేది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకలు, చుంచులతో కలిపి చీడ జంతువుల జాబితాలో రాసింది. అంటే చంపినా అడిగే దిక్కు లేదు. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ జాబితానే తీసేశారు. ఇది జరగవలసిన మార్పే. వేపపండు తిని గింజను దూరంగా పడేసేది, ఇప్పపూవుకు పుప్పొడి చేర్చేది ఈ గబ్బిలాలే. పురుగులు తినే చిన్న గబ్బిలాలు మరో మేలు చేస్తాయి. అమెరికాలోని టెక్సాస్‌లో ఎనిమిది కౌంటీల పత్తిపొలాల్లో కాయతొలుచు పురుగు తాలూకు రెక్కల పురుగులను తినడం వల్ల అవి రైతులకు ఏటా సుమారు 7,40,000 డాలర్ల మేలు చేస్తున్నాయని 2006లో పరిశోధకులు లెక్కగట్టారు. పత్తి పెట్టి, మందు డబ్బాలకు అప్పుచేసే కోసిగి రైతుకు ఈ మాట వివరించి చెప్పనక్కర్లేదు.

2020లో కరోనా భయంతో దేశంలో పలుచోట్ల గబ్బిలాలున్న చెట్లు కొట్టేయాలన్న మాట వచ్చింది. మందిరం ఆవరణలోని చింతచెట్టు మీద అవి ఉంటే చెట్టు కొట్టవద్దు, టపాకాయలు పేల్చి చెదరగొట్టవద్దు. 2018లో కేరళలో నిపా వైరస్ పండ్ల గబ్బిలాల నుంచే వచ్చిందని తేలింది కాబట్టి జాగ్రత్త మాత్రం కావాలి. అవి కొరికి పడేసిన పండ్లు పిల్లలు తినకుండా చూడండి. బావినీ, నీళ్ల తొట్టినీ మూసి ఉంచండి. కింద పడిన గబ్బిలాన్ని ఉత్త చేతులతో పట్టుకోవద్దు. అది కరిచినా, గోరు గీసినా వెంటనే సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి.