మోకాలి లోతు నీళ్ల గురించి

గాలం అనగానే మనకి గుర్తొచ్చేది గట్టు మీద కూర్చుని గంటలకొద్దీ బెండు వంక చూడటమే. నేనూ అంతే అనుకునేవాణ్ణి. మొన్నో ఆదివారం పొద్దున్నే సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట చెరువుకి వెళ్లా. అక్కడ గాలం వేస్తున్న ఒక పెద్దాయన, "నీడ నీళ్ల మీద పడుతుంది సారూ, కూసో" అన్నాడు. కూర్చున్నాక వేలు పెట్టి చూపించాడు. మోకాలి లోతు నీళ్లలో బురద మబ్బులా లేస్తోంది, పక్కనే సన్నటి బుడగలు. బంగారు తీగ! అదేనండీ, కామన్ కార్ప్. మూతి దగ్గరి మీసాలతో అడుగంతా తడుముతూ పురుగులు ఏరుకుంటోంది.

ముందు చేపని చూసి, తర్వాత దాని మూతి ముందు మూరెడు దూరంలో ఎర చప్పుడు కాకుండా దించాలి. మన ఇంటర్ ఫిజిక్సు ఇక్కడ పనికొస్తుంది :) పైనుంచి చూస్తే నీళ్లు అసలు లోతులో ముప్పాతిక వంతే కనిపిస్తాయి, అంటే చేప మనం అనుకున్నదానికంటే కిందే ఉంటుంది. దానికేమో పై ప్రపంచమంతా 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. అణిగి కూర్చున్నవాడు ఆ కిటికీ అంచున పడి దాని కంటికి సరిగా ఆనడు. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే నీటి మీది మెరుపు తగ్గుతుంది. అన్నట్టు, చెరువుల్లో చేపల హక్కు మామూలుగా మత్స్యకారుల సంఘాలదే, అడిగి వేయడం మర్యాద.

ఇంతకీ నా గోల ఏంటంటే, ఇదంతా జరిగేది చెరువు నడిమధ్యలో కాదు, అంచున. ఎండ తగిలి నాచు, పురుగులు పెరిగేది అక్కడే. బంగారు తీగ గడ్డికి అంటుకునేలా గుడ్లు పెట్టేదీ అక్కడే. వేసవిలో ఎండిపోయి ఖాళీ జాగాలా కనపడేదీ, అందరికంటే ముందు ప్లాట్లయ్యేదీ అదే.

2024 జులైలో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అన్న మాట మన లంచ్ టేబుల్ మీదకి కూడా వచ్చింది. అయితే మాట్లాడేదంతా "మన బిల్డింగు సేఫేనా?" అనే. కబ్జా మాత్రమే కాదు, సుందరీకరణ కూడా అంచుని మింగుతుంది. 1990ల్లో వేసిన నెక్లెస్ రోడ్డు మీద నిలబడి చూడండి... రోడ్డు, రాళ్లు, ఆ వెంటనే నీళ్లు. చేప మేసే చోటేది?

నేనేమీ సుద్దపూసని కాను. పోయినేడాది ఓ లేక్ వ్యూ ఫ్లాటుకి అడ్వాన్సు ఇవ్వబోయినవాణ్ణే. బాల్కనీలోంచి చెరువు ఎంత బాగా కనపడుతుందో చూశాను గానీ, వానాకాలంలో ఆ నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో అడగలేదు. ఫ్లాటు కొనేవాళ్లం ముందు అడగాల్సింది అదే కదా!

ఆ రోజు నాకు చేప పడలేదు. బాగా కనపడుతుందని ఆత్రంగా లేచి నిలబడ్డా. బురద మబ్బు మిగిలింది, బంగారు తీగ వెళ్లిపోయింది.